సరే అక్క నొక్కిన సరే

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆవిడకి ఒకటుంది. అది బ్యాంకు పుస్తకం మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు పాపం. వీధి వీధంతా ఆవిడని సరే అక్క అనే పిలుస్తుంది. పిలవక ఏం చేస్తారు? ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్న ఆ మనిషి నోట్లో ఉండేవి రెండే, గుండుసూదులూ సరే అనే మాటానూ. పెదాల మధ్య నాలుగైదు సూదులు పట్టుకుని ఆవిడ ఒకరి కోటు అంచు మడుస్తూ ఉంటే, ఇంకొకరొచ్చి భుజం బిగుతైందంటారు, మరొకరు శుక్రవారానికే కావాలంటారు, వేరొకరు ఆడపడుచు మీద కోపమంతా అక్కడే వెళ్ళబోసుకుంటారు. నోటి నిండా సూదులతో మనిషి ఏం వాదిస్తుంది? అందరికీ ఒకటే జవాబు. ఊఁ, సరే.

కొత్తగా వచ్చినవాళ్ళు ఆ సరే విని సంబరపడిపోతారు. పాత గిరాకీకి మాత్రం అసలు సంగతి తెలుసు. ఆవిడ మామూలుగా అనే సరేకి అర్థం, నువ్వు చెప్పింది నా చెవిన పడింది అని, అంతే. గబగబా రెండుసార్లు సరే సరే అందంటే, తల్లీ ఇంక ఆపు అని. దీర్ఘం తీసి సరేఏ అందంటే అది జరిగే పని కాదని. నిజంగా ఒప్పుకున్న సరే వేరే ఉంది. అది అనాల్సి వచ్చినప్పుడు ఆవిడ పెదాల మధ్య సూదులన్నీ తీసి, మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి ఒక్కొక్కటే గుచ్చి, ఎదుటి మనిషి ముఖంలోకి చూసి మాట్లాడుతుంది. అందుకే ఆ వీధిలో ఒకళ్ళనొకళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. సరే అందిలే, సూదులు తీసి అందా?

కొట్టు అంటే పెద్ద కొట్టేం కాదు. మూడంతస్తుల ఇంటి కింద, మెట్ల పక్కన మిగిలిపోయిన గది. కాపురం రెండో అంతస్తులో. కొట్లో ఒక కాలు మిషను, ఒక మోటారు మిషను, ఇస్త్రీ బల్ల, మూల పగిలితే స్టిక్కరు అంటించిన నిలువుటద్దం. బల్ల సొరుగులో ఎర్ర గుడ్డ అట్టతో ఒక పొడుగాటి పుస్తకం ఉంటుంది. అది కొలతల పుస్తకం. మనిషికొక పేజీ.

ఆ పుస్తకం విషయంలో మాత్రం సరే అక్క బహు మొండిది. ఒకరి పేజీ ఇంకొకరికి చూపించదు. ఎదురింటావిడ ఒకసారి పక్కింటావిడ నడుం ఎంతో చెప్పమని ఎంత బతిమాలిందో! అక్క సరేఏ అంటూనే పుస్తకం మూసి దాని మీద కూర్చుంది. భార్యకి తెలియకుండా కోటు కుట్టిద్దామని ముచ్చటపడి వచ్చిన మొగుణ్ణి, ఆవిడే రావాలండీ అని వెనక్కి పంపింది. ఎవరైనా ఊరు మారి వేరే టైలరు దగ్గరికి వెళ్తున్నామని చెబితే ఏడుపుముఖం పెట్టదు. వాళ్ళ కొలతలు చీటీ మీద శుభ్రంగా ఎక్కించి వాళ్ళ చేతికే ఇస్తుంది, కొలత నీది, నేను రాసుకున్నానంతే అంటుంది. ఇంక మీ దగ్గర ఉంచొద్దు అన్నవాళ్ళ పేజీ చింపి, కత్తెరతో ముక్కలు చేసి, గుడ్డ పీలికల సంచిలో కలిపేస్తుంది. ఇదంతా ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

అదే కొట్లో వెనకవైపు స్టూలు మీద అత్తగారు కూర్చుంటుంది. డెబ్భై రెండేళ్ళు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే విభాగంలో పనిచేసి రిటైరైంది. చూపు చెక్కుచెదరలేదు, చెయ్యి వణకదు. చొక్కాలకి కాజాలు ఆవిడే కుడుతుంది, గుండీలు ఆవిడే వేస్తుంది. ఆవిడకి అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పై వరుసలో ముందు పళ్ళు నాలుగు ఊడిపోయి తొమ్మిదేళ్ళైంది. అప్పట్నించీ నవ్వొస్తే చాలు, కుడిచెయ్యి దానంతటదే మూతి మీదికి వెళ్ళిపోతుంది. కట్టుడు పళ్ళు పెట్టుకుంటే జారి గిన్నెలో పడ్డాయి. డాక్టరు కదలకుండా బిగించే పళ్ళ గురించి చెప్పి, అయ్యే ఖర్చు కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితం సంగతి ఆవిడ ఒకసారి కొడుకు దగ్గర కదిపి చూసింది. కొడుకు లిఫ్టు మెకానిక్కు. మంచివాడే, కాకపోతే ఏ మాట విన్నా అతనికి ముందు లెక్కే గుర్తొస్తుంది. ఈ వయసులో పళ్ళెందుకమ్మా, కోడలు మెత్తగా వండి పెడుతూనే ఉందిగా అనేశాడు. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు. కానీ మర్నాడే అత్తాకోడళ్ళిద్దరూ బజారు పనుందని చెప్పి వెళ్ళి, అత్తగారి పేరు మీద ఒక కొత్త ఖాతా తెరిచి వచ్చారు. ఫోను నంబరు కోడలిది ఇచ్చారు. అత్తగారి నంబరిస్తే మెసేజీలు కొడుకే చదివి పెడతాడు మరి. కాజాకి ఇంత, గుండీకి ఇంత అని లెక్కగట్టి కోడలు ప్రతి శనివారం ఆ ఖాతాలో వేస్తుంది. మెసేజీ రాగానే అత్తగారి చెవిలో చదివి చెరిపేస్తుంది. మూడో కంటికి తెలియకుండా నాలుగేళ్ళు నడిపారు. ఇంకో రెండు నెలలు కుడితే డాక్టరు రాసిచ్చిన మొత్తం నిండుతుంది.

అదుగో, సరిగ్గా అప్పుడు యూనిఫారాల ఆర్డరు వచ్చింది. బడి వాళ్ళు రెండొందల నలభై జతలు కావాలన్నారు. అన్ని బట్టల అంచులు చేత్తో కుట్టాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఓవర్‌లాక్ మిషను కొనాలి, దానికి అప్పు కావాలి. అప్పు కంపెనీ నుంచి ఒక అమ్మాయి పలకలాంటి పెద్ద ఫోను పట్టుకుని కొట్టుకే వచ్చింది. చక్కటి పిల్ల, గలగలా మాట్లాడుతుంది. వెనకటిలా ఆరు నెలల బ్యాంకు కాగితాలు జిరాక్సు తీసి ఇవ్వక్కర్లేదక్కా అంది. మీ లెక్క మీ బ్యాంకులో ఉంది, అది మాకు చూపించమని మీరు ఫోనులో అనుమతిస్తే చాలు, మధ్యలో ఒక యాప్ మూటలా కట్టి మోసుకొస్తుంది, ఆ మోసేవాడు మూట విప్పి చూడ్డానికి కూడా వీల్లేదు, రూలు అంది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ వేళకి అక్క ఎవరి ముందుందని? స్టూలెక్కి నిలబడ్డ ఒక లావుపాటి పెద్దమనిషి కోటు అంచు పట్టుకుని నేల మీద మోకాళ్ళ మీద ఉంది. నోట్లో ఆరు సూదులు. ఫోను ముఖం ముందుకొచ్చింది. తెర మీద చీమల బారులా అక్షరాలు, కింద ఒక పెద్ద పచ్చ మీట, దాని మీద ‘సరే’ అని. అక్కకి ఆ మాట చూడగానే సొంత మనిషి కనపడ్డట్టైంది. ఊఁ అంటూ చిటికెన వేలితో నొక్కేసింది. తన ఫోనుకి ఓటీపీ అంకె వస్తే సూదుల మధ్యనుంచే చెప్పింది. మళ్ళీ ఇంకో సరే వస్తే అదీ నొక్కింది. పూచీకి ఎవరి నంబరివ్వమంటారంటే మొగుడి నంబరిచ్చింది. కోటు అంచు మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా మడిచింది.

నాలుగు రోజులయ్యాక సాయంత్రం మొగుడు ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. చేతులు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు. తను నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్టు బాగుచేస్తుంటే ఎవరో ఫోను చేశారట. అమ్మ ఖాతాలో ఇంత డబ్బు ఊరికే పడుందనీ, పెద్దవాళ్ళకి తమ దగ్గర మంచి డిపాజిట్ పథకం ఉందనీ చెప్పారట.

“ఏమ్మా, నీకు ఇంకో ఖాతా ఉందటగా. అంత డబ్బుంచుకుని మనం మిషనుకి అప్పు చెయ్యడమేంటి? అందులోంచి తీసి కొనేద్దాం, మెల్లగా వేసేద్దాంలే.”

అత్తగారు కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది. అక్కకి ఆ చూపు అర్థమైంది. ఆ ఖాతా సంగతి తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరే, ఒకరు ఆవిడ, రెండోవాళ్ళు తను. మరి కొడుక్కి ఎవరు చెప్పినట్టు?

“సరే నాన్నా, తీసుకోండి,” అంది అత్తగారు. లేచి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

అక్క వెనకాలే వెళ్ళింది. నేను చెప్పలేదు అత్తయ్యా, నా మీద ఒట్టు అంది. అత్తగారు దుప్పటి మడతలు సరిచేస్తూ సరేనమ్మాయ్ అంది. కోపం లేదు, దెప్పడం లేదు. ఒట్టి సరే. ఇన్నేళ్ళూ ఊరందరికీ పంచిపెట్టిన మాట తన ముఖానే వచ్చి తగిలేసరికి అక్కకి ఏడుపొచ్చింది. అది నమ్మిన సరే కాదు. నువ్వు చెప్పింది చెవిన పడింది అనే సరే. ఆ రకాలన్నీ కనిపెట్టిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

మర్నాడు కొట్లో స్టూలు ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ అంతే. పదకొండు చొక్కాలు కాజాలు లేకుండా హ్యాంగర్లకి వేలాడుతున్నాయి. మొగుడేమో బ్యాంకు నుంచి డబ్బు తీసే కాగితం తెచ్చి, శనివారం అమ్మ సంతకం పెడుతుందని చెప్పుకు తిరుగుతున్నాడు. ఆ డబ్బు ముట్టుకోవద్దని అక్క అడ్డుపడింది. మా అమ్మ డబ్బు, మధ్యలో నీకేంటి అన్నాడతను. పళ్ళకోసమండీ అని ఒక్క మాట అంటే తేలిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది అత్తగారి పేజీలో సంగతి. ఆవిడ చెప్పమనకుండా ఎలా చెబుతుంది? అందుకని నీళ్ళు నమిలి, అసలు మన ఇంటి లెక్క బయటివాడికి ఎలా తెలిసిందో తేలేదాకా ఆగమంది. ఆ మాట మాత్రం అతని బుర్రకెక్కింది. నిజమే, ఎలా తెలిసింది అని తనూ తల గోక్కున్నాడు.

అక్క అప్పు కంపెనీ అమ్మాయిని పిలిపించింది. ఆ పిల్ల ఫోనులో మీరిచ్చిన అనుమతులు అనే చోటు తెరిచి చూపించింది. ఈసారి అక్క సూదులు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివింది. ఆ యాప్ ఆవిడ నంబరు మీద ఉన్న ఖాతాలన్నీ వెతికి పట్టింది. నంబరు ఒకటే కాబట్టి అత్తగారి ఖాతా కూడా అందులో ఉంది, పేరు లేదు, చివరి నాలుగంకెలే. రెండింటికీ ముందే టిక్కులు పెట్టేసి ఉన్నాయి. ఎందుకూ అన్నచోట ‘రుణం మరియు ఇతర సేవలు’ అని ఉంది. ఎన్నాళ్ళూ అంటే ఐదేళ్ళు. ఎన్నిసార్లూ అంటే రోజుకొకసారి. ఒక్క మిషను అప్పుకి ఐదేళ్ళపాటు రోజూ పొద్దున్నే ఇంట్లో దూరి డబ్బాల మూతలు తీసి చూస్తామన్నమాట.

“నేను చెప్పాను కదక్కా. మీరు సరే అన్నారు,” అంది ఆ పిల్ల. గొంతు చిన్నదైపోయింది.

అక్క తల ఊపింది, ఆ పిల్ల అన్నది నిజమే. అడుగున చిన్న అక్షరాల్లో రద్దు అని ఉంటే గట్టిగా నొక్కింది. అక్కణ్ణించి ఇక కొత్తగా ఏదీ పోదట, పోయింది మాత్రం పోయినట్టే. దానికి ఫిర్యాదు చెయ్యాలని ఆ పిల్లే గొంతు తగ్గించి చెప్పింది. డబ్బు కంపెనీలు జనం లెక్కల్ని ఎలా వాడుకోవాలో కట్టడి చేసే ప్రభుత్వాఫీసు ఒకటుంది, జనం దాన్ని రూల్సాఫీసు అంటారు. అక్కడ ఈ అనుమతుల రూల్సే మళ్ళీ రాస్తున్నారు, గురువారం ఫిర్యాదులు ఎదురుగా కూర్చోబెట్టి వింటారు. కాకపోతే ఖాతా ఎవరిదో వాళ్ళు రావాలి.

అక్క పైకెళ్ళి అత్తగారి ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆవిడకి ఫోను, మూట, టిక్కు అన్నీ కలగాపులగమయ్యాయి. అంతా విని సరే అంది. ఏ సరేనో అక్కకి అంతుపట్టలేదు. గురువారం పొద్దున మాత్రం ఆవిడ బయటికెళ్ళే చెప్పులు వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. మొగుడు కూడా పూట సెలవు పెట్టి బయల్దేరాడు. అక్క కొలతల పుస్తకం సంచిలో పెట్టుకుంది. ఎందుకంటే ఏమో, చేతిలో అది ఉంటే ధైర్యం.

రూల్సాఫీసులో పొడుగాటి బల్ల, దాని చుట్టూ నీళ్ళసీసాలు. నడుమ కళ్ళజోడుకి గొలుసు కట్టుకున్న పెద్దాఫీసరు, ఆవిడ అత్తగారి కంటే పదేళ్ళు చిన్నదేమో అంతే. ఒక పక్క అప్పు కంపెనీ లాయరు టై సర్దుకుంటూ కూర్చున్నాడు. ఎదురు కుర్చీల్లో ఇంకా పాతికమంది, ఎవరి గోల వాళ్ళది. ఆఫీసరమ్మ అడగ్గా లాయరు రికార్డు చదివాడు. ఫలానా రోజు, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకి అనుమతి వచ్చింది. రెండు నలభై రెండుకి రెండు ఖాతాల లెక్కా, ఖాతాదారుల పేర్లూ వయసుతో సహా, అందింది. నాలుగో రోజు డిపాజిట్ల విభాగం వాళ్ళు పూచీ నంబరుకి ఫోను చేశారు.

అత్తగారు కోడలి చెవి దగ్గరికి వంగింది.

“అయితే నువ్వు చెప్పలేదన్నమాట.”

“చెప్పలేదత్తయ్యా.”

ఆవిడ కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని పెట్టుకుంది, కాజా కుట్టేటప్పుడు గుడ్డని పెట్టుకున్నట్టు.

ఆఫీసరమ్మ అత్తగారి వైపు తిరిగి, దీనివల్ల మీకు జరిగిన నష్టమేంటమ్మా అని అడిగింది. ముసలావిడ లేచి నిలబడింది. అలవాటుగా చెయ్యి మూతి మీదే ఉంది. ఒక్క క్షణం కొడుకు వైపు చూసింది. చెయ్యి తీసేసి, పై పెదవి ఎత్తి, ఆ నాలుగు పళ్ళ ఖాళీని హాలందరికీ చూపించింది.

“ఇదిగోనమ్మా, ఇదే. నాలుగేళ్ళు కాజాలు కుట్టి దాచుకున్నాను వీటికోసం. ఇంట్లో చెప్పలేదు. చెప్పాలో వద్దో నా ఇష్టం కదా? వీళ్ళు ఫోను చేసి చెప్పేశారు.”

కొడుకు తల దించేసుకున్నాడు. ఈ వయసులో పళ్ళెందుకమ్మా అన్న మాట అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట అన్నది ఒక్క నిమిషంలో, అమ్మ దాన్ని మోసింది నాలుగేళ్ళు. చెవులు ఎర్రబడిపోయి, జేబులోని బ్యాంకు కాగితాన్ని అక్కడే నాలుగు ముక్కలు చేశాడు.

లాయరు ఊరుకోలేదు. అతని పని అది. “బాధాకరమేనండి. కానీ వారి కోడలు తెర మీద సరే నొక్కారు. నిమిషంతో సహా రికార్డుంది. సరే అన్నాక అది సమ్మతే కదండీ.”

అప్పటికి అత్తగారు ఇంకా కూర్చోలేదు. లాయరు వైపు తిరిగింది.

“బాబూ, నీకు పెళ్ళైందా?”

అయిందన్నాడతను, ఇదెక్కడి ప్రశ్న అన్నట్టు.

“మీ ఆవిడ సరే అంటే ఒప్పుకున్నట్టేనా?”

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. లాయరు పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి ఏదో చెప్పబోయాడు గానీ ముసలావిడ చెప్పనిస్తేనా!

“ఇదిగో, ఈ అమ్మాయి నా కోడలు. మా ఇంటికొచ్చి ఇరవై నాలుగేళ్ళు. రోజుకి ఇరవైసార్లు నాకు సరే అంటుంది. అందులో ఒక్కటైనా ఒప్పుకుని అన్నది నేనెరగను. నాకు ఇన్నేళ్ళుగా దొరకని సరే మీకు ఒక్క నొక్కుడుతో దొరికిందా?”

హాలంతా ఘొల్లున నవ్వింది. ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. లాయరుకే నవ్వాగలేదు, టై అడ్డం పెట్టుకున్నాడు. అత్తగారు కూడా నవ్వింది. పగలబడి నవ్వింది. కుడిచెయ్యి కుర్చీ మీదే ఉండిపోయింది, దానికి పైకి లేవాలని గుర్తే రాలేదు. సరే అక్కకి ఒక కంట నవ్వూ ఒక కంట నీళ్ళూ. నిండు సభలో అత్తగారు తనని తిట్టిందో పొగిడిందో తెలియలేదు గానీ, అంత సంతోషం ఆవిడ ఈ మధ్య ఎరగదు.

నవ్వులు సద్దుమణిగాక ఆఫీసరమ్మ అక్కని అడిగింది, మరి ఎలా అడిగితే నిజంగా ఒప్పుకున్నట్టంటారు అని. అక్క సంచిలోంచి ఎర్ర పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఇందులో ఆరొందల మంది కొలతలున్నాయండీ అంది. చొక్కా కుట్టడానికొస్తే చొక్కాకి కావలసినవే తీసుకుంటాను, ప్యాంటు కొలత అడగను. ఎవరి కొలతకి వాళ్ళే రావాలి, కోడలి మాట అత్తకి చెల్లదు. వేరే టైలరుకి ఇవ్వమంటే ఇస్తాను, అది మంచిదే, లేకపోతే ప్రతిచోటా మొదట్నించీ కొలిపించుకోవాలి. కానీ ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్ళకి అన్నది వాళ్ళ నోటితో చెప్పాలి. వద్దన్న రోజు పేజీ చించేస్తాను. ఇంతేనండీ, ఇంతకంటే నాకు తెలియదు అని ముగించింది. అక్కడున్నవాళ్ళు రాసుకునేవాళ్ళు రాసుకున్నారు.

“ఏదీ, ఒక పేజీ ఎలా ఉంటుందో చూడొచ్చా?” అంది ఆఫీసరమ్మ చెయ్యి చాపి.

అక్క పుస్తకం మీద చెయ్యి వేసి తన వైపు లాక్కుంది. “వాళ్ళు రాలేదుగా అండీ,” అంది.

ఆఫీసరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనున్న గుమాస్తాతో, ఈ మాట కూడా రాసుకోండి అంది.

నెలా పదిరోజులకి తీర్పు వచ్చింది. అత్తగారి ఖాతా లెక్క కంపెనీ తుడిచెయ్యాలి, తుడిచినట్టు రాసివ్వాలి, క్షమాపణ చెప్పాలి, జరిమానా కట్టాలి. దాంతోపాటు అన్ని కంపెనీలకీ కొత్త రూలు. ముందే టిక్కులు పెట్టకూడదు. ఖాతా ఎవరి పేరు మీదుందో కనపడాలి. అప్పుకని తీసుకున్న లెక్క అప్పుకే, ఇతర సేవలని ముసుగెయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అనుమతి అడిగే తెర మీద సరే అనే మాట ఉండకూడదు. దాని చోట ఒకే సైజులో రెండు మీటలుండాలి. ఒకటి ‘ఇస్తాను’, రెండోది ‘ఇవ్వను’.

ఆ తెర జనానికి అర్థమవుతుందో లేదో చూడ్డానికి రూల్సాఫీసు వాళ్ళు కొట్టుకే వచ్చారు. ఆఫీసరమ్మ స్వయంగా వచ్చి, అక్కని నోట్లో ఆరు సూదులు పెట్టుకుని చదవమంది. అలా చదివినా తెలిస్తేనే ఊరికి తెలుస్తుందని ఆవిడ పట్టుబట్టింది. అక్క మొదటిసారి ఇవ్వను నొక్కింది. ఎందుకంటే మూడేళ్ళని రాసి ఉంది. దాన్ని ఆరు నెలలుగా మార్చాక ఇస్తాను నొక్కింది. ఆఫీసరమ్మ వెళ్తూ వెళ్తూ చేతులు పొడుగున్నాయని తన కోటొకటి ఇచ్చి వెళ్ళింది.

మిషనుకి అప్పు వేరే చోట దొరికింది. తన ఖాతా ఒక్కటే, ఆరు నెలల లెక్క, ఒక్కసారి. అప్పు తేలగానే తుడిచెయ్యాలి. కాగితాలు లేవు, జిరాక్సులు లేవు, సాయంత్రానికల్లా పనైపోయింది. పద్ధతిగా అడిగితే ఇది ఎంత సుఖంగా ఉందో అని అక్క కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పింది. మొగుడు తల్లి దగ్గరికెళ్ళి, పళ్ళకి తక్కువైంది తను వేస్తానన్నాడు. ఆవిడ ససేమిరా అంది. ఇంక నెల్లాళ్ళ కాజాలేరా, నేనే కుట్టుకుంటాను, నువ్వు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు చాలు అంది. అతను మూడుసార్లు తీసుకెళ్ళాడు, మూడుసార్లూ బయట బల్ల మీద కూర్చున్నాడు.

పళ్ళు బిగించిన వారానికి, కొట్లో ఎవరూ లేని వేళ చూసి, అత్తగారు స్టూలు మీంచి లేచి అద్దం ముందు నిలబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ తనకని ఒక్క గుడ్డ కుట్టించుకోలేదు, ఎవరివో పాతవి సరిచేసుకుని తొడుక్కుంది. ఆ ఎర్ర పుస్తకంలో ఊరందరికీ పేజీ ఉంది, ఆవిడకి లేదు.

“నాకొక కోటు కుట్టమ్మాయ్. పళ్ళు కొత్తవి పెట్టుకుని పాతది తొడుక్కుంటే ఏం బాగుంటుంది?”

అక్క టేపు తీసింది. భుజం కొలిచింది, చెయ్యి కొలిచింది, సూదులు నోట్లో పెట్టుకుని పాత కోటు వెనక వైపు ఎంత తియ్యాలో గుర్తు పెట్టింది. కొత్త పేజీ తెరిచి అంకెలు వేసింది. అత్తగారు పుస్తకంలోకి తొంగిచూసింది.

“రాసుకో. ఎవరికీ చూపించకు. వాడికి కూడా.”

“ఊఁ, సరే అత్తయ్యా.”

“ఏ సరే?”

అక్క పెదాల మధ్యనుంచి సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టు మీది దిండుకి గుచ్చింది. అద్దంలో కాదు, మనిషి వైపే తిరిగి ఆవిడ ముఖంలోకి చూసింది.

“చూపించను,” అంది.

అత్తగారు నవ్వింది. చెయ్యి కిందే ఉంది.